వీరదుర్గ గాలి పరుపు

మా పవరుపేటలో వీరదుర్గ టైలరింగు షాపుకి జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే ముందుగా కనిపించేవి చక్రాల కుర్చీలు, చంకకర్రలు, మడత మంచాలు. దుర్గ తన భర్త మంచాన పడ్డప్పుడు కొన్నవాటిని, ఆయన పోయాక అడిగినవాళ్లకి వాడుకోమని ఇచ్చేది. అడిగేవాళ్లు ఎక్కువయ్యేసరికి వీధిలో కొందరం కలిసి సంఘం పెట్టుకున్నాం. ఎవరింట్లో ఏం జరుగుతోందో అడిగి తెలుసుకోవడం నాకెలాగూ అలవాటేనని నన్నూ వేసుకున్నారు.

కార్యదర్శి దుర్గే. ఆవిడ పెట్టిన కట్టుబాట్లు రెండు. వస్తువు ఇచ్చేముందు ఒకరు వెళ్లి రోగిని చూసి రావాలి. మనలో ఎవరింటి విషయమైనా వస్తే ఆ మనిషి లేచి బయటికి పోవాలి. మొదటిది నాకు తేలిగ్గానే అర్థమైంది. రెండోది మాత్రం ఇప్పటికీ సరిగ్గా బుర్రకెక్కలేదు.

మొన్న వానాకాలంలో దుర్గ అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. పడుకునే ఉండేవాళ్లకి ఒళ్లు పుండు పడకుండా, మోటారుతో గాలి మారే పరుపు మా దగ్గర ఒకటే ఉంది. అదే వారం కలిదిండి నుంచి బ్లెస్సీ అనే అమ్మాయి కూడా దానికోసమే వచ్చింది. చేపల చెరువుకి కాపలా ఉండే వాళ్ల నాన్న యాకోబు గట్టు మీంచి పడి లేవలేకుండా ఉన్నాడట.

నేను బస్సెక్కి వెళ్లి చూశాను. యాకోబు నడుము కింద అప్పటికే పుండు పడింది. ఇక్కడ అత్తగారికి ఇంకా చర్మం ఎర్రబడడమే.

సమావేశం రోజు దుర్గ లేచి వరండాలోకి వెళ్లింది. ఆవిడింట్లో కూర్చుని, ఆవిడిచ్చిన టీ తాగుతూ ఆవిడకి కాదని ఎలా అంటాం? చివరికి మా సంఘంలోనే ఉన్న ఈశ్వరప్రసాద్ మాస్టారు గుమ్మం దాకా వెళ్లి, "దుర్గమ్మా, మరి మీరేమంటారండీ?" అని ఆవిడనే అడిగారు.

"నన్నడిగేదానికి నేను బయటికెందుకు వచ్చానండీ మాస్టారూ?" అని ఆవిడ చెప్పులేసుకుని వీధి చివర కిళ్లీకొట్టు దగ్గరికి వెళ్లి నిలబడింది. తుంపర పడుతోందని మాస్టారు వెనకాలే గొడుగు పంపించారు.

అందరూ అత్తగారికే ఇద్దామన్నారు. నేను పుండు సంగతి మళ్లీ చెప్పాను.

"నిజమేననుకోండి. రేపు ఆవిడ మొహం ఎలా చూస్తామండీ?" అన్నారు మాస్టారు.

"ఆ బ్లెస్సీ మొహం నేను చూసొచ్చానండీ" అన్నాను.

చివరికి ఒక్కొక్కరే సరేనన్నారు. పరుపు ఆటోలో కలిదిండి వెళ్లిపోయింది.

మర్నాడు దుర్గ కార్యదర్శి పని మానేస్తానంది. ఇవ్వలేదని కోపమొచ్చిందేమోనని అడిగాను.

"కోపమేంటి పిన్నిగారూ! నేను అక్కడ లేకపోయినా అందరూ నాకే అన్నారంట కదా. నేనున్నంతకాలం అంతేనండి."

ఇంత మంచి చేసే మనిషి తప్పుకుంటే సంఘం బాగుపడుతుందా, పాడవుతుందా?

ఇప్పుడు అత్తగారిని దుర్గా, నేనూ వంతులవారీగా పక్కకి తిప్పి పడుకోబెడుతున్నాం. నిన్న నా వంతు.

"సంఘం పెట్టింది మా కోడలు. పరుపు కలిదిండికా? నువ్వు ఎవరి తరఫునమ్మా?" అన్నారావిడ.

నేను దిండు సర్దాను. ఆవిడే మళ్లీ, ఆ యాకోబుకి పుండు మానుతోందా అని అడిగారు. పరుపు పంపాక కనుక్కోలేదన్నాను.

"ఇచ్చేసి ఊరుకున్నారూ? నా పరుపు పట్టుకెళ్లినందుకు వాడికైనా తగ్గాలి కదా. వెళ్లి చూసి రా" అని కసిరారు.