కంభం చెరువుకు మూడు రకాల ఈకల ఈగలు, ఒక బావ

ఆదివారం ఒక్కరోజైనా కదలకుండా పడుకుందామనుకున్నాను. నెలాఖరు పనితో వారమంతా ఒళ్ళు హూనమైంది. శుక్రవారం సాయంత్రం మార్కాపురం నుంచి మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ గోడ తట్టు తిరిగి పండుకోనుంటాడురా, ఎప్పుడు జూసినా. పలకరిస్తే ఊ అంటాడు, లేకుంటే అదీ లేదు. నువ్వేందో చేపలకు పోతుంటావు గదా, ఒక్క దినం తోడుకోనిపో. చేపలు పడకపోయినా ఫర్వాలేదు, మనిషి లేస్తే చాలు" అంది. అక్క సామాన్యంగా ఏదీ అడగదు. అడిగాక కాదనే ధైర్యం నాకు లేదు.

బావ ఊహ తెలిసినప్పటి నుంచి పలకల పనిలో ఉన్నాడు. రాయి చీల్చడం దగ్గర మొదలుపెట్టి, చివరికి అంచులు నున్నగా తీసే పనిలో స్థిరపడ్డాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక ఆ పనిలోకి పోతే మనిషి దక్కడని డాక్టరు గట్టిగా చెప్పడంతో నాలుగు నెలల కింద మానేశాడు. మందులతో దగ్గు కాస్త తగ్గింది గానీ మనిషి మంచం దిగలేదు. అక్కకు భయమంతా దాని గురించే. ఇట్లాగే వదిలేస్తే మంచంలోనే అయిపోతాడని.

గుంటూరు నుంచి శనివారం మధ్యాహ్నం రైలెక్కితే పొద్దుగూకే వేళకు మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాను. స్టేషనుకూ ఊరికీ దూరం ఉంది, షేర్ ఆటోలు రైలు కోసం కాచుకుని ఉంటాయి. సొంత బండి లేనివాళ్ళకు ఇదే మేలు. ఆటోలో కూర్చోవడానికి చోటు దొరికితే అదృష్టం, నాకైతే దొరకలేదు.

ఆ సాయంత్రం బావ మంచం పక్కనే నేల మీద నా డబ్బాలన్నీ పరుచుకున్నాను. నేను వానపాములతో, పిండితో చేపలు పట్టేవాణ్ణి కాదు. గాలానికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులాగా తయారుచేసిన ఉత్తుత్తి ఈగలతో పడతాను. చలికొండల వాగుల్లో ట్రౌట్ అనే చేప కోసం పుట్టిన విద్య ఇది. ఒకసారి హిమాచల్ పోయినప్పుడు అంటుకుంది, వదల్లేదు. జీతంలో ఎంత ఈ ఈకలకు తగలేశానో మా ఆవిడ దగ్గర చెప్పను. సమస్యల్లా ఏమిటంటే, డబ్బాలు నిండా ఉన్నా ఒక రోజుకు అన్నీ మోసుకుపోతే అక్కడ మార్చుకోవడంతోనే పొద్దు పోతుంది. ఏ నీళ్ళలోనైనా, ఏ చేపకైనా ఎంతో కొంత పనికొచ్చేవి రెండు మూడు రకాలు ఏరుకోవాలి.

నేను ఏరినవి మూడు. మొదటిది మునిగేది. నల్లగా, గోధుమరంగుగా, నడుముకు సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. నీటి అడుగున పాకే ఏ పురుగనుకున్నా అనుకోవచ్చు, అందుకే అన్ని చేపలూ నోరు పెట్టి చూస్తాయి. ఒక్కటే తీసుకుపోనిస్తామంటే నేను దీన్నే తీసుకుపోతాను. రెండోది తేలేది, మిడతలాగా ఉంటుంది. చుట్టూ చేలున్న చెరువుల్లో గాలికి మిడతలు నీళ్ళలో పడుతూనే ఉంటాయి కాబట్టి జిలేబీ చేపలకు ఇది అలవాటైన తిండి. మూడోది తెల్లటి పొడుగు ఈకలది, లాగితే చిన్న చేపపిల్లలా ఊగుతుంది, కొర్రమీను కోసం. మూడూ మధ్యరకం సైజులోనే తీసుకున్నాను. మరీ చిన్నవైతే పరకలు, అంటే వేలెడు చేపపిల్లలు, పీకి చంపుతాయి, పెద్దవైతే జిలేబీ నోట్లో పట్టవు. ఒక్కో రకానికి రెండేసి చొప్పున ఒక చిన్న డబ్బాలో పెట్టుకున్నాను. ఇదంతా బావకు వినిపించేలా గట్టిగానే చెప్పాను. గోడకు చెప్పినట్టే అయింది, గోడైనా నా వైపు తిరిగి ఉంది.

పొద్దున్నే బావను లేపి చొక్కా తొడిగించేసరికి నాకూ అక్కకూ తల ప్రాణం తోకకొచ్చింది. గడప దాటామో లేదో పక్కింటి పెద్దమ్మ, "యాడికి నాయనా పొద్దన్నే?" అని అడిగింది. బయలుదేరేవాణ్ణి అట్లా అడిగితే పని కాదంటారు. బావకు ఆ సాకు చాలు, వెనక్కి తిరిగి మంచం మీద కూర్చున్నాడు. "నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరితే ఏం గాదు" అని అక్క చెంబు తెచ్చి చేతికిచ్చింది. తాగాడు, లేచాడు. రెండోసారి అక్క ముందుగా పోయి పెద్దమ్మతో మాటలు కలిపింది.

మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సెక్కితే కంభంలో దిగొచ్చు. గంట పైన పడుతుంది, టికెట్టు వంద లోపే. దారి పొడుగునా బావ కిటికీలోంచి చూశాడే గానీ ఏమీ చూసినట్టు లేదు. కంభంలో దిగి ఇడ్లీ తిని, టీ తాగి, చెరువు దాకా ఆటో మాట్లాడాం. సాయంత్రం దాకా ఉండి వెనక్కి తెచ్చేలా ఐదొందలకు ఒప్పుకున్నాడు. ఖాదర్ అని, ముప్పై ఏళ్ళవాడు. నా గాలం రాడ్డు కట్ట చూసి, "వల లేదా అన్నా?" అన్నాడు.

"లేదు. గాలమే. పట్టి వదిలేస్తాం."

"వదిలేదానికి ఇంత దూరం వచ్చినారా?" అని బావ వంక చూశాడు, కాస్త నువ్వైనా చెప్పు మామా అన్నట్టు. బావ ఆటో ఎక్కి కూర్చున్నాడు.

చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సంఘానిది. కట్ట దగ్గర ఉన్న వాళ్ళను అడగకుండా గాలం వేయకండి. గాలానికి తగిలింది తగిలినట్టు వదిలేస్తామంటే మాకు ఒప్పుకున్నారు. కట్ట మీద కొంత దూరం నడవాలి. మామూలు మనిషికి అదేం నడకే కాదు, బావ మాత్రం నాలుగుచోట్ల ఆగాడు. ఆగినప్పుడల్లా నేను ఏదో ఒకటి చూస్తున్నట్టు నటించాను. చివరికి ఒక తుమ్మచెట్టు నీడలో తువ్వాలు పరిచి కూర్చోబెట్టాను. "ఈకలకు చేపలు పడతాయంట్రా?" అన్నాడు. ఆ రోజు ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

పడలేదు. మునిగే ఈగను కట్టుకుని రెండు గంటలు విసిరాను. చలికాలమే అయినా ఎండ ముదిరిపోయింది, భుజం లాగేస్తోంది, నిద్రలేని కళ్ళకు నీళ్ళ మీది మెరుపు సూదుల్లా గుచ్చుకుంటోంది. పరకలు వచ్చి ముట్టి పోతున్నాయి. ఇంట్లో పడుకోవాల్సిన వాణ్ణి, ఎవరి కోసం ఈ తిప్పలని విసుగొచ్చింది. ఖాదర్ వచ్చి, "అన్నం తెచ్చుకుందాం పా అన్నా, ఆలస్యమైతే హోటల్లో కూరలుండవు" అన్నాడు. బావ రానన్నాడు. నీళ్ళ సీసా, ఈగల డబ్బా ఆయన దగ్గర పెట్టి ఇద్దరం కంభం పోయి పొట్లాలు కట్టించుకొచ్చాం.

తిన్నాక గాలి లేచింది. మిడత ఈగ కట్టాను. రెండో విసురుకే నీళ్ళ మీద బుడుంగుమని చప్పుడు, దారం బిగిసింది, ఇంత బరువు తగిలింది. కాస్త వదిలి లాగేసరికి జారిపోయింది. సరే, ఒకటి పోతుంది. రెండోది కూడా అట్లాగే పోయింది. మూడోది పెద్ద జిలేబీ, ఒడ్డు దాకా వచ్చి, దాని వీపు ముళ్ళు నా కళ్ళతో చూశాక, తల విదిలించి వెళ్ళిపోయింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది నా పని. గాలాన్ని తీసి చూశాను.

గాలం కొనకు కాస్త కింద వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. నోట్లో దిగాక జారకుండా పట్టేది అదే. అది లేదు. ఎవరో నాకినట్టు నున్నగా ఉంది. డబ్బా తెరిచి చూస్తే దాంట్లో ఉన్నవన్నీ అట్లాగే ఉన్నాయి.

"బావా, ఇవి ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే" అన్నాడు బావ. ఆయన అరచేతిలో ఒక పలక ముక్క ఉంది. పని మానేసినా జేబులో ఉంటుందది, గోళ్ళు కూడా దాంతోనే అరగదీసుకుంటాడు. "అన్నిటికీ కొన కాడ గరుకు ఉండింది. అట్ల వదిలేసినాడేంది వీడు, సరిగ్గా చేయకుండా అని, నున్నగా తీసినా. చూడు, యాడా తగలదు."

"ఆ గరుకే గదా చేపను పట్టేది" అని అరిచాను. అలసటంతా నోట్లోకి వచ్చింది. హిమాచల్ దాకా పోయి తెచ్చుకున్నవని, నీకేం తెలుసని ముట్టుకున్నావని, ఇంకా ఏవేవో అన్నాను. బావ పలక ముక్క జేబులో వేసుకుని, తువ్వాలు తల మీదికి లాక్కుని, కట్ట రాళ్ళ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంట్లో గోడ వైపు తిరిగినట్టే. ఖాదర్ నా వంక చూసి తల దించుకున్నాడు.

నాకు అప్పుడు భయమేసింది. నాలుగు నెలల్లో ఆ చేతులు మొదటిసారి ఒక పని చేశాయి, నేను ఆ పని మీదే అరిచాను. ఈ మనిషిని ఇట్లాగే ఇంటికి తీసుకుపోయి అక్కకు ఏం చెప్పాలి? ఇంకోసారి పిలిస్తే రాడు. క్షమించమని అడిగితే మా బావాబామ్మర్దుల మధ్య అది ఇంకా అవమానం. పోయి రాడ్డు ఆయన పక్కన పెట్టాను.

"ముల్లు తీసి పడేసేవాళ్ళు కూడా ఉన్నారులే బావా. చేప నోరు చిరగదని. కాకపోతే దారం ఒక్క క్షణం కూడా వదులు గాకూడదు, బిగువుగా పట్టుకోనుండాల. నాకింక ఓపిక లేదు. నువ్వు చేసిన గాలాలు, నువ్వే చూసుకో."

నేను చెట్టు కింద వాలాను. నిజంగానే కళ్ళు మూతలు పడ్డాయి.

ఖాదర్ తట్టి లేపాడు. బావ నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. విసరడం రాదు, చేత్తోనే దారం వదిలి గాలి వాటుకు ఈగను తేలనిచ్చాడు. నేను పడుకునే చూశాను. జిలేబీ ఒకటి పట్టుకుంది. బావ రెండు చేతులతో రాడ్డు పట్టుకుని అడుగు అడుగు వెనక్కి వేస్తూ వచ్చాడు, దారం తీగలాగా బిగిసి ఉంది. చేప ఒడ్డుకు మూరెడు దూరంలోకి వచ్చింది. అప్పుడు దగ్గు తెర వచ్చింది. ఒంగిపోయాడు, దారం సడలింది, చేప పోయింది.

నేను లేచి పరుగెత్తాను, పడిపోతాడేమోనని. దగ్గు ఆగాక ఆయన నన్ను నెట్టేశాడు. "తప్పుకో. దొంగముండ, దగ్గొచ్చేదాకా కాచుకోనుండి పోయింది. అది మళ్ళా వస్తాది జూడు" అన్నాడు. చేపను తిట్టాడో దగ్గును తిట్టాడో తెలియదు. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఒకటి వచ్చింది, పోయింది. పొద్దు కొండల మీదికి వాలింది. నాకు నిలబడే ఓపిక కూడా లేదు. పోదాం బావా అంటే, ఇంకొక్కటి అంటాడు. "చివరి బస్సు పోతాది మామా" అని ఖాదర్ రెండుసార్లు చెప్పాడు. ఆఖరికి రాడ్డు చేతిలోంచి గుంజుకోవాల్సి వచ్చింది. తిరుగు బస్సులో నేను తల కిటికీకి ఆనించి నిద్రపోతుంటే, "ఆ పోయిన చేప తల ఇంత ఉందిరా" అని రెండుమార్లు లేపి చూపించాడు.

నిజం చెప్పాలంటే ఈ ప్రయాణంలో నాకు విశ్రాంతీ దొరకలేదు, చేపా దొరకలేదు. సోమవారం ఆఫీసులో సగం మనిషినే. ఇట్లాంటి రోజు మళ్ళీ కావాలా అంటే వద్దనే అంటాను, అక్క ఫోన్ చేస్తే మాత్రం పోతాను. మంచం పట్టిన మనిషిని లేపడానికి ప్రేమగా మాట్లాడాలని అందరూ చెబుతారు. నేను ప్రేమగా ఏమీ మాట్లాడలేదు. అలసిపోయి నా చేతిలోది ఆయన చేతిలో పెట్టాను, అంతే. కంభం పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఒక రోజుకే అయితే మునిగే రాగితీగ ఈగ ఒకటి, తేలే మిడత ఒకటి చాలు, తెల్ల ఈకలది నేను డబ్బాలోంచి తీయనే లేదు. గాలి లేచేదాకా మిడతను కట్టి చేయి నొప్పి పెట్టుకోకండి.

ఇంటికి చేరేసరికి అక్క పప్పుచారు పెట్టి ఉంచింది. నేను కళ్ళతోనే చేపలు పడలేదని చెప్పాను. ఆమె నా మొహం చూడలేదు, బావ మొహమే చూస్తోంది. బావ రెండు ముద్దలు తిని కంచం ముందుకు తోశాడు. "దీంట్లో ఉప్పు ఏసినావా అసలు?" అన్నాడు విసుగ్గా. అక్క ఉప్పు డబ్బా తెస్తానని వంటింట్లోకి పోయి ఎంతకీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే పొయ్యి గట్టు పట్టుకుని ఏడుస్తోంది. "ఎక్కువైన దినం తిన్నాడు, ఏయడం మరిచిన దినమూ తిన్నాడురా. నాలుగు నెల్లు ఒక్క మాట అనలేదు" అంది.

"ఏందే, ఉప్పు తెచ్చేదానికి కంభం పోయినావా?" అని బావ బయటి నుంచి కేకేశాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని డబ్బా తీసుకుని వెళ్ళింది.