నాయన బాప్తిస్మం, మేయరమ్మ నీళ్ల కబురు

మా సంఘంలో ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చదివేది నేను. ఎవరింట్లో కూటం, ఎవరికి జ్వరం, ఎవరి పిల్లకు పరీక్షలు, అన్నీ. మేయరమ్మ వారం వారం ఫోనుకు పంపే నగర సంగతులు కూడా వాటితో కలిపి చదవమని మా అయ్యగారు ఒకరోజు చెప్పారు. మా పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. సంఘంలో పెద్దవాళ్లు ఎక్కువ, వాళ్లకు ఫోనంటే మాట్లాడడానికే.

చిక్కు ఏమిటంటే, చిన్నప్పటి నుంచి నేను నలుగురిలో గొంతెత్తి చదివింది బైబిలు వాక్యం ఒక్కటే. కాలువ పూడిక గురించి చదివినా ప్రవక్త పలికినట్టే వచ్చేది. మా వాళ్లకేమో వేదిక మీద నుంచి మంచి మాట వినబడితే ఆమేన్ అనడం అలవాటు. రైల్వే గేటు దగ్గర వీధి దీపాలు వెలుగుతాయని చదివితే ఆమేన్. చెత్త బండి ఇకమీద పొద్దున్నే వస్తుందంటే ఆమేన్. కుక్కల బెడద తీరుతుందని చదివినప్పుడు వెనక వరుసలో ఒక అవ్వ రెండు చేతులూ ఎత్తింది. ఆమెను అంతకు ముందే ఒకటి కరిచింది.

ఈ సంగతి మేయరమ్మ దాకా పోయింది. కూరగాయల మార్కెట్లో ఎదురుపడి ఆపింది.

"ఏమన్నా, నా మెసేజీని వాక్యం మాదిరి చదువుతాండావంట?"

"మీరు రాసిందే చదువుతాండానక్కా. ఒక్క మాట కలపలేదు."

"అదేనప్పా నా భయం. కౌన్సిల్లో నా మాట ఎవురూ నమ్మరు, నిమ్మళంగా ఉంటాది. మీ వాళ్లు ఆమేన్ అన్నాక చేయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు."

ఆ తర్వాత ఆమె రాతల్లో 'తప్పకుండా' పోయి 'వీలైనంత త్వరలో' వచ్చింది. మా వాళ్లు దానికీ ఆమేన్ అన్నారు, కాస్త మెల్లగా.

మా నాయన మెట్ట రైతు. బతుకంతా మబ్బుల వైపు చూస్తూ వేరుశనగ వేసినవాడు. నాతో మందిరానికి వచ్చినా గుమ్మం బయట చెప్పుల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఈ ఎండాకాలం ఒకరోజు సంగటి తింటూ, "నేనూ మునుగుతాలే" అన్నాడు. ఆయన బాప్తిస్మం గురించి ఏళ్ల తరబడి నేను దేవుణ్ని మోకాళ్లూని అడిగిన మాట అది. ఎందుకు అని మాత్రం అడగలేదు. అడిగితే కారణం కోసం వెతుకుతాడు, దొరక్కపోతే మానుకుంటాడు.

"పూర్తిగా మునగాల," అన్నాడు. "నెత్తిన నాలుగు చుక్కలు చల్లేదయితే ఆ పని మన వాన చేస్తానే ఉండాది."

నా భయం వాయిదా గురించి. కంటి ఆపరేషనుకు ఇలాగే ఒప్పుకుని, డాక్టరు వచ్చే వారం రమ్మనేసరికి "ఈ చూపు చాలు" అని ఇంటికొచ్చి, మళ్లీ ఆ మాటే ఎత్తనివ్వని మనిషి. అనుకున్న ఆదివారం జరగాలి. లేకపోతే ఇక జరగదు.

శుక్రవారం కుళాయి నీళ్లు వచ్చాయి. మందిరం వెనక తాడిపత్రి బండలతో కట్టిన తొట్టిని నిండా నింపి రేకు మూశాను. శనివారం సాయంత్రం ప్రార్థన కూటంలో ఉండగా మేయరమ్మ కబురు వచ్చింది. బత్తలపల్లె రోడ్డులో బండల లారీ దిగబడి పెద్ద పైపు పగిలింది, మరమ్మతు అయ్యేదాకా నీళ్లు రావు, ట్యాంకర్లన్నీ బొత్తిగా నీళ్లు లేని వీధులకు పంపుతున్నాం, నిల్వ ఉన్నవాళ్లు దయచేసి లేనివాళ్లకు పంచండి. ఆ చివరి మాట నాకు ఎంతో నచ్చింది. గొంతు నిండుగా చదివాను. ఎప్పుడూ రానంత పెద్ద ఆమేన్ వచ్చింది.

ఆదివారం పొద్దున రేకు తీస్తే తొట్టిలో చీలమండ మునిగేన్ని నీళ్లు మిగిలాయి.

"ఏమైందక్కా ఇది?" అన్నాను, అక్కడ ఊడుస్తున్న ఒక అక్కతో.

"పంచినాం."

"ఇది బాప్తిస్మం నీళ్లు కదా."

"నిల్వ ఉన్నోళ్లు పంచాలని నువ్వే కదన్నా చదివింది? ఇంత నిల్వ ఇంకెవురింట్లో ఉండాది? వెనక వీధంతా పోసినాం."

వాక్యం విని వెంటనే చేసేవారే ధన్యులని నేనే ఎన్నోసార్లు చెప్పాను.

అంతలో నాయన తెల్ల పంచె కట్టుకుని, భుజాన తువ్వాలుతో వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు.

"కాళ్లు కడుక్కోవచ్చు," అన్నాడు.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "పెద్దాయనా, వచ్చే ఆదివారం..."

నాయన తువ్వాలు మడవడం మొదలుపెట్టాడు. మనసులో ప్రార్థన మొదలుపెట్టాను, మాటలు కుదరలేదు.

వెనక గేటు చప్పుడైంది. ఆ వీధి సాయిబుల ఇంటి అవ్వ నడుం మీద బిందెతో నిలబడి ఉంది. "పెద్దాయన మునకకు నీళ్లు లేవంట? మా కడవల్లో పెట్టుకుని మేమేం చేసుకుంటామప్పా?" అంటూ తొట్టిలో వంచింది. ఆమె వెనక ఇంకా కొందరు. మా సంఘం అక్కలు కూడా ఇళ్లకు పరుగెత్తి ఇత్తడి బిందెలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఒకామె పాల క్యాను తెచ్చారు. ఆరాధన మొదలయ్యే వేళకు నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి ఆగాయి. ఇక తాగే నీళ్లు తప్ప ఎవరింట్లోనూ లేవు.

"ఇంతే," అన్నాను నాయనతో.

ఆయన నీళ్ల వంక, ఖాళీ బిందెలతో నిలబడిన ఆడవాళ్ల వంక చూశాడు. తువ్వాలు నా చేతికిచ్చి తొట్టిలోకి దిగి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నిలబడితే చాలవు గానీ, కూసుంటే ఎక్కువే. రాండి అయ్యగారూ."

అయ్యగారికీ దిగి కూర్చోక తప్పలేదు. నాయనను వెనక్కి వాల్చి ముంచి లేపారు. తల, ఛాతీ, చేతులు అన్నీ మునిగాయి. ఒక మోకాలు మాత్రం పైకి లేచి నిలబడింది. ఆ మోకాలికి బాప్తిస్మం అయినట్టా కాదా అని గట్టు మీద చర్చ మొదలైంది. పాట ఎత్తుకోవాల్సిన అక్క కూడా అందులో దూరింది. చివరికి సాయిబుల అవ్వ ఒక చెంబు ముంచి ఆ మోకాలి మీద పోసి, "అయిపాయ," అంది.

నాయన కూర్చున్నచోటే ముఖం తుడుచుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను తువ్వాలు చాపాను. తీసుకోలేదు.

"లేయ్ పెద్దాయనా, ఆరాధనకు వేళయింది," అన్నారు అయ్యగారు.

"ఉండండి సామీ. ఇన్ని నీళ్లల్లో కూసుని ఎన్నాళ్లాయనో."

అయ్యగారు ఒకసారి మందిరం వైపు చూశారు. తర్వాత ఆయన కూడా వీపు బండకు ఆనించి, కాళ్లు చాపుకున్నారు.