నన్ను లోపలికి పిలిచిన పెద్దింటమ్మ

నా చిన్నప్పుడు మా కాళ్ళకు ఏ ఇంటి ముందు ఆగాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నడక వచ్చేటప్పుడే అదీ వచ్చేది. తమిళనాడులో కోవిల్‌పట్టి దాటి కొంత దూరం పోతే వచ్చే నల్లరేగడి ఊరు మాది. మా నాయన పెద్దింటివాళ్ళ దగ్గర పొలం పనికి ఉండేవాడు. వాళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు, మేమూ తెలుగే. అయినా మేము వాళ్ళ వాకిలి దాకానే. గడప మాది కాదు.

ఆ ఇంటి కోడల్ని మేమంతా పెద్దింటమ్మ అనేవాళ్ళం. పోయిన నెల చనిపోయింది. తొంభై దాటిన మనిషి. మంచిది, ఆకలితో వచ్చినవాళ్ళను అట్లే పంపదు అని ఊరంతా చెప్పుకుంటుంది. నేనూ అదే చెబుతాను. అది అబద్ధం కాదు కాబట్టే నాకు కడుపు మండుతుంది.

నాకు ఎనిమిదేళ్ళుంటాయి. వాళ్ళ వాకిట్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. తడిస్తే కాయ నల్లబడి పోతుందని అందరూ పరిగెత్తారు. మా అమ్మ, నాయన, నేను, ఇంటివాళ్ళు, ఎవరి చేతికి దొరికింది వాళ్ళు గోతాల్లోకి ఎత్తారు. నేను రెండు చేతులతో దోసి తట్టలో వేస్తున్నాను. వాన మొహాన కొట్టింది. తుడుచుకుందామని ఆ చేతులే కళ్ళకు పెట్టుకున్నాను.

నిప్పు పెట్టినట్టయింది. కేకలు పెట్టి బురదలో పడి దొర్లాను. మా అమ్మ ఎక్కడో గోతం మోస్తోంది. అప్పుడు ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "రావే, కండ్లు తెరవొద్దు, నాతోనే రా" అంది పెద్దింటమ్మ. నన్ను లాక్కుని పోయింది. నా కాలికి గడప తగిలింది. ఆగాను. ఆమె ఆగలేదు.

వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి నా కళ్ళు నీళ్ళతో కడిగింది. మళ్ళీ మళ్ళీ కడిగింది. చేతులకూ మొహానికీ చల్లటి మజ్జిగ పూసింది. మంట తగ్గాక ఒక గిన్నెలో సజ్జన్నం పెట్టి పెరుగు పోసింది. నేను తింటుంటే తన కొంగుతో నా తల తుడిచింది. అంత మెత్తగా నా తల ఎవరూ తుడవలేదు. మా అమ్మకు తీరిక ఉండేది కాదు.

వాన నిలిచింది. ఆమె అత్త, ముసలావిడ, లోపలికి వచ్చి నేల చూసింది. గడప నుంచి పొయ్యి దాకా చిన్న చిన్న నల్లబురద అడుగులు. ఇది లోపలికి ఎట్లా వచ్చిందని అడిగింది. నేను పెద్దింటమ్మ మొహం చూశాను. ఆమె చేతిలో మజ్జిగ ముంత ఇంకా ఉంది.

"నేనేమీ పిలవలేదత్తా," అంది. "వాన గలాటాలో ఈ పిల్లే చొరబడి ఉండాది."

నన్ను వాకిట్లోకి తోశారు. మా నాయనను పిలిచారు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని తల వంచి నిలబడ్డాడు. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "పెద్దింటమ్మే చెయ్యి పట్టుకోని పిల్చుకోనొచ్చె" అన్నాను. ముసలావిడ నవ్వింది. "చూస్తివా, మీ బిడ్డ పొయ్ చెప్పేదానికీ నేర్చుండాది" అంది మా నాయనతో. మా వైపు పొయ్ అంటే అబద్ధం.

మా నాయన పత్తికట్టె విరిచి నన్ను కొట్టాడు. లోపలికి పోయినందుకు కొన్ని, అబద్ధం చెప్పినందుకు ఇంకా ఎక్కువ. దెబ్బలు తింటూనే తలుపు సందులోంచి లోపలికి చూశాను. మా అమ్మ తెచ్చి గడప బయట పెట్టిన పేడతో పెద్దింటమ్మ వంగి నేల అలుకుతోంది. నా అడుగులు ఒక్కొక్కటే ఆమె చేతి కింద పోయాయి.

పొద్దు వాలాక ఆమె పెరటి కంచె దగ్గరికి మా అమ్మను పిలిచి బెల్లం, వేరుశనక్కాయలు ఒడిలో పోసింది. నేను ముట్టనన్నాను. "బెల్లం ఏమి పాపం చేసె? తిను" అంది మా అమ్మ. తిన్నాను. నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా అమ్మతో మెల్లగా అన్నాడు, "అది పొయ్ చెప్పలే. మొగమంతా మజ్జిగ వాసన." తెలిసీ ఎందుకు కొట్టావని మా అమ్మ అడిగింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తరువాత కూడా ఆమె మంచిగానే ఉంది. నా పెళ్ళికి చీర ఇచ్చింది. నా మొగుడు మంచం పట్టినప్పుడు రాగులు పంపింది, పోయినప్పుడు బియ్యం పంపింది. "రామ్మా, తింటివా" అని ఆమె అడిగితే ఎండలో నీడ దొరికినట్టుండేది. కాని ఏది ఇచ్చినా పెరటి కంచె దగ్గరే.

పోయిన ఏడాది ఆమె మంచాన పడిందని తెలిసి విరుదునగర్ నుంచి బస్సెక్కి పోయాను. ఇప్పుడు గడప దగ్గర ఎవరూ ఆపరు. మనవడు లోపలికి తీసుకుపోయి కుర్చీ వేసి, టీ తెస్తానని వెళ్ళాడు. గదిలో ఇద్దరమే మిగిలాం. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆ పొద్దు నిన్ను పిలిచింది నేనేనే. అత్తకు భయపడి చెప్పలే" అంది. ఏడ్చింది. "పోనీలేమ్మా" అన్నాను. ఆమె మొహం తేటపడింది. నాకేమీ తేటపడలేదు. ఆ మాట వాకిట్లో చెప్పాల్సింది, మా నాయన బతికుండగా చెప్పాల్సింది.

ఆమె పోయాక పదహారో రోజు కర్మకు పోయాను. అందరినీ ఆదరించిన తల్లి అని అరవంలో రాసి, ఆమె ఫోటో వేసిన పెద్ద బ్యానర్ వీధిలో కట్టారు. పందిట్లో ఒక్కొక్కరినీ రెండు మాటలు చెప్పమంటున్నారు. మైకు నా దగ్గరికీ వచ్చింది. మనసులో యాభై ఏళ్ళు దాటి పుచ్చిపోయిన మాటను బయటికి తీశాను.

"నేను బిడ్డగా ఉండేటప్పుడు అమ్మ నన్ను లోపలికి పిలిచె. నేనుగా చొరబడలే. మా నాయన బిడ్డ పొయ్ చెప్పలే."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ కాలంలోనే ఎంత పెద్ద మనసు అని ఎవరో అన్నారు. మనవడు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టి, దగ్గరుండి ఆకు వేయించి వడ్డించాడు. నేను చెప్పింది పొగడ్త అనుకున్నారు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. అన్నం తిని బస్సెక్కాను.

ఇప్పుడు విరుదునగర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. మా ఇంటికి ఎవరైనా రానీ, అగ్గిపెట్టెల కంపెనీలో పని దిగి నీళ్ళకు ఆగే ఆడపిల్లలు కానీ, దోవపోయే ఎవరో కానీ, నేను వీధిలోకి వచ్చి నిలబడి గట్టిగా పిలుస్తాను. ఊరికంతా వినబడేట్టు ఏమిటికిమ్మా అరవడం అని కూతురు విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆ పిల్లను లోపలికి రమ్మన్నది నేనేనని అటు ఇంటివాళ్ళకూ ఇటు ఇంటివాళ్ళకూ తెలిసేదాకా పిలుస్తాను.