ఫాల్టు లేని పంకా

"టక్" మని చప్పుడైంది. కలకత్తా న్యూటౌన్‌లో పద్నాలుగో అంతస్తు ఫ్లాటది. గోడలో అమర్చిన పెట్టెకు నేనింకా మూత బిగించనే లేదు, ఇంటావిడ ఆత్రం ఆపుకోలేక ఫోన్ మీద వేలు పెట్టేసింది. లోపల కరెంటు కలిపే రిలే పడింది, హాల్లో లైటు వెలిగింది. ఆవిడ సంతోషపడుతుందనుకుంటే మొహం చిట్లించి, "దిది, ఈ చప్పుడు రాకుండా చెయ్యలేరా?" అని బెంగాలీలో అడిగింది. చప్పుడు చెయ్యని రకాలూ ఉన్నాయి, తెప్పిస్తానన్నాను. అన్నానే గానీ స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ చప్పుడు వినడం నాకు నేర్పిన మనిషి పోయి రెండేళ్ళవుతోంది.

ఇళ్ళలో లైట్లు, పంకాలు, నీళ్ళ మోటార్లు వాటంతటవే నడిచేలా రిలేలు బిగించడం నా పని. నా దగ్గర ముగ్గురు పనివాళ్ళున్నారు. కొత్తగా పరిచయమైనవాళ్ళు ఎక్కడ చదివారని అడుగుతుంటారు. హౌరాలో టికియాపారా రైల్వే క్వార్టర్సులో, ప్రకాశం బాబాయి వంటింటి బల్ల మీద చదివానంటే వాళ్ళకేం తెలుస్తుంది? డిప్లొమా అని అబద్ధం చెప్పలేక, అనుభవం అని ఊరుకుంటాను.

పెళ్ళయి టెక్కలి పక్క పల్లె నుంచి హౌరాలో దిగేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా ఆయనకు షాలిమార్ గూడ్స్ యార్డులో పని. తెల్లారి వెళ్తే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. ఆ మధ్యలో ఉన్న పగలంతా నాది, దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు. హిందీ రాదు, బెంగాలీ అసలే రాదు. బజారుకెళితే వంకాయ వైపు వేలు, బెండకాయ వైపు వేలు. మాట్లాడక మాట్లాడక నా గొంతు నాకే కొత్తగా వినపడేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం పక్క క్వార్టరు గోడ అవతల నుంచి, "ఓలమ్మీ, ఎవులున్నారక్కడ? బేగొచ్చి పంకా ఎయ్యవే, ఉడికిపోతన్నాను!" అని కేక వినిపించింది. నా ఊరి తెలుగు. చేతిలో ఉన్న చీపురుతోనే పరుగెత్తాను.

ఆవిడ సుందరమ్మ పిన్ని. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆవిడ భర్తే ప్రకాశం బాబాయి, రైల్వేలో సిగ్నల్ మెయింటెయినరు. పాయింట్లూ సిగ్నళ్ళూ నడిపే రిలేలుండే గదిలో డ్యూటీ. వాళ్ళ తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడే చర్చీ, ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే సమాధులూ అన్నట్టు స్థిరపడ్డ కుటుంబం. పిల్లలు లేరు. ఆయన డ్యూటీకి వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవాడు. పంకా వెయ్యాలన్నా, ఆపాలన్నా, రేడియో పెట్టాలన్నా పిన్ని కేక వెయ్యాలి, నేను వెళ్ళాలి. రోజుకు ఎనిమిది సార్లో పదిసార్లో. వెళ్ళినప్పుడల్లా పంకా వెయ్యడం క్షణం పని, తర్వాతి కబుర్లు అరగంట. ఏ చేపలమ్మి మొప్పలకు రంగు పూస్తుందో, బస్సు ఆపమని బెంగాలీలో ఎలా అరవాలో, అన్నీ ఆ మంచం పక్కనే నేర్చుకున్నాను.

బాబాయికి ఇది నామోషీగా తోచింది. "నీ పని మానుకుని ఎన్నిసార్లొస్తావమ్మా? ఇరవై నాలుగు లైన్లకి సిగ్నలిచ్చీవోణ్ణి, ఇంట్లో ఒక పంకాకి దారి సూపలేనా?" అన్నాడు ఒక సాయంత్రం. రైల్వేది ఒక్క మేకు కూడా ఇంటికి తెచ్చే రకం కాదు. కరెంటు సామాన్లమ్మే చాందినీ బజారుకు పోయి తన డబ్బుతోనే రిలేలు, తీగలు, ఒక ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కొచ్చాడు. సాయం పట్టుకోమని నన్ను పిలిచాడు. రోగి చేతికిచ్చే బటనులో పెద్ద కరెంటు ఉండకూడదు కాబట్టి అందులో పన్నెండు వోల్టులే పారతాయనీ, అది రిలేలోని తీగచుట్టను లేపితే ఆ చుట్ట ఒక మీటను లాగి పంకా కరెంటును కలుపుతుందనీ చెప్పాడు. "సిన్న కరెంటు పెద్ద కరెంటుకి ఆర్డరేస్తాది. అంతే, ఇంకేటీ నేదు," అని నవ్వాడు. మొదట తీగలు పట్టుకున్నాను, తర్వాత తొక్క ఒలిచాను, మూడో ఆదివారానికి సోల్డరింగు నా చేతికిచ్చాడు. నేను పెట్టిన అతుకును అద్దాలు పైకెత్తి చూసి, "నీ సెయ్యి ఒణకదమ్మా," అన్నాడు. ఆ ఊళ్ళో నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రాత్రి మా ఆయనకు ఆ మాట మూడుసార్లు చెప్పాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక బాబాయి పిన్ని ఎడమ చేతిలో బటను పెట్టాడు. ఆవిడ నొక్కింది. టక్ మంది, పంకా తిరిగింది. మళ్ళీ నొక్కింది, ఆగింది. పక్క బటనుకు లైటు, దాని పక్క బటనుకు రేడియో. "ఇంక నీకు ఎవులితోటీ పన్నేదు సుందరం," అన్నాడు బాబాయి, పెళ్ళినాడు కూడా అంత గర్వంగా ఉండి ఉండడు. పిన్ని నవ్వింది. నేనూ చప్పట్లు కొట్టాను, మతి లేనిదాన్ని.

సోమవారం కేక రాలేదు. మంగళవారమూ రాలేదు. గోడకు చెవి పెడితే టక్ మనేది, కాసేపటికి మళ్ళీ టక్ మనేది. పని లేకుండా పొరుగింట్లో కూర్చుంటే పనీపాటా లేని కోడలని పేరొస్తుందని మా అమ్మ చెప్పి పంపింది, నేను దాన్ని శాసనంలా పాటించేదాన్ని. వెళ్ళడానికి ఏదో ఒక పని కావాలి. ఉన్న ఒక్క పనినీ నా చేతులతోనే అతుకులు పెట్టి పోగొట్టుకున్నాను. ఆ నాలుగు రోజులు అన్నం ఎదురుగా పెట్టుకుని ఏడ్చాను, ఎవరూ చూడలేదు కాబట్టి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గులేదు.

శుక్రవారం వచ్చింది కేక. "అమ్మీ! పంకా తిరగట్నేదే!" ఒక్క ఉరుకున వెళ్ళాను. బటను ఆవిడ చేతిలో లేదు. చెయ్యి అందని అలమర మీద, మడతపెట్టిన తువ్వాలు కింద ఉంది. పొద్దున బాబాయి మొహం తుడిచి మరిచిపోయాడేమో, లేక ఈవిడే తియ్యమందో. నేను తువ్వాలు వంక చూశాను, పిన్ని గోడ వంక చూసింది. గోడ మీది పాత స్విచ్చు వేసి కూర్చున్నాను. ఆ రోజు ఏం కూర వండానో అడిగింది, చెప్పాను.

సాయంత్రం సంగతి విని బాబాయి మొహం వాడిపోయింది. రిలేలు బిగించిన పెట్టె విప్పి చూశాడు, బటను నొక్కి చూశాడు, చక్కగా పనిచేసింది. మర్నాడు మళ్ళీ కేక, మళ్ళీ అదే మాట. రైల్వేలో ఒక పద్ధతి ఉంది: చెడిపోయిన పరికరాన్ని పరీక్ష అయ్యేదాకా ఎవరూ కదపకూడదు. అందుకని, "ఈసారి ఆగిపోతే బటను ముట్టుకోవద్దు, గోడ స్విచ్చే ఎయ్యి," అని నాకు గట్టిగా చెప్పాడు. రిలే మార్చాడు. తీగను మూరెడు మూరెడు చొప్పున తడిమాడు. ఒక ఆదివారం చర్చి కూడా మానేసి, బల్ల మీద పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. "ముప్పై ఏళ్ళలో నాకు దొరకని ఫాల్టు నేదమ్మా. మంచం మీదున్న మనిషికి ఒక్క పంకా సరీగ్గా ఎయ్యనేకపోనాను. ఇంక నాను ఎందుకు పనికొస్తాను?" అన్నాడు. ఒక్కమాట చెబితే ఆయన బాధ తీరిపోతుంది. చెబితే కేకలు ఆగిపోతాయి. నోరు విప్పలేదు. పిన్ని ఎందుకు చెప్పలేదో ఆవిడకే తెలుసు, నాది మాత్రం ఉత్త స్వార్థం.

ఆయన చివరికి పెట్టెలో ఒక చిన్న లెక్కమీటరు పెట్టాడు. పంకా బటను నొక్కిన ప్రతిసారీ అందులో ఒక అంకె ముందుకు జరుగుతుంది. సిగ్నల్ ప్యానెళ్ళలో అత్యవసర బటనులకు అలాంటివి ఉంటాయట. మాకిద్దరికీ చెప్పలేదు. ఆ వారంలో పంకా ఆరుసార్లు "చెడిపోయింది". శనివారం సాయంత్రం నేను అక్కడుండగానే మూత తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. "సున్నా," అన్నాడు. పిన్ని గోడ వైపు తిరిగింది. నాకు లేచి పారిపోవాలనిపించింది. ఆయన చేతులు కడుక్కుని, స్టవ్ వెలిగించి, ముగ్గురికీ టీ పెట్టి తెచ్చాడు.

మర్నాడు ఒక కాగితం పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డాడు. రైల్వేలో ఏ పరికరాన్ని లైనులోంచి తప్పించాలన్నా మెయింటెయినరు మెమో రాసివ్వాలి, స్టేషన్ మాస్టరు సంతకం చెయ్యాలి. సంతకం లేనిదే ఆయన చెయ్యి పెట్టడు. ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాసే మనిషి, ఆ రోజు బైబిలు తెలుగులో రాశాడు. పైకి చదివాడు: "పరికరము: పంకా. కారణము: దీనిని ఇకమీదట మనిషి వచ్చి వేయవలెను." పిన్ని పగలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టింది. పంకా రిలే ఊడదీశాడు. లైటుకూ రేడియోకూ ఉన్నవి ఉంచాడు. నన్ను గుమ్మం దాకా సాగనంపి, "నువ్వు సెప్పుంటే బాగుండేదమ్మా," అన్నాడు. ఇంకా తిడతాడనుకున్నాను. "ఒకటి గేపకం పెట్టుకో. ఫాల్టు బోర్డులో నేకపోతే ఇంకెక్కడో ఉన్నట్టే. నేదని మాత్రం రాయకు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడేళ్ళు రోజూ నేనే పంకా వేశాను. పిన్ని ఒక చలికాలంలో, పంకా అవసరం లేని రోజుల్లో పోయింది. బాబాయి రిటైరై క్వార్టరు ఖాళీ చేసి, షాలిమార్ వైపు ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఈలోగా ఆయన నేర్పిన పనే నాకు అన్నం పెట్టసాగింది. మేం నది అవతల కలకత్తాలోని గరియాకు మారాం. మొదట్లో నెలకోసారి వెళ్ళేదాన్ని, తర్వాత పండగలకు, తర్వాత ఫోన్లే. చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన గదంతా చూపించాడు. లైటు, పంకా, నీళ్ళ మోటారు, అన్నీ మంచం దగ్గరి బటనులకే. "బాగుంది బాబాయ్, ఎవరి అవసరమూ లేకుండా చేసుకున్నారు," అన్నాను. "అవునమ్మా, ఎవుల అవసరమూ నేదు," అన్నాడు. నేను టైము చూసుకుని లేచాను.

ఒక వేసవిలో ఫోన్ చేశాడు. "పంకా తిరగట్నేదమ్మా." ఆ రోజు నాకు మూడు చోట్ల పని. రేపు పొద్దున్నే మనిషిని పంపిస్తానన్నాను. "మనిషినా?" అని ఆగి, "సరే, పంపు," అన్నాడు. వెళ్ళొచ్చిన మెకానిక్, "కిచ్ఛు హోయ్‌ని దిది, ఏమీ కాలేదు. నొక్కగానే తిరిగింది. ముసలాయన ముందే రెండు కప్పులు కడిగి పెట్టుకుని ఉన్నాడు, టీ ఇచ్చాడు," అన్నాడు. ఫిర్యాదుల పుస్తకంలో "ఫాల్టు లేదు" అని నా చేత్తోనే రాశాను. రెండు వారాలకు మళ్ళీ ఫోన్, మళ్ళీ అదే మాట. నాకు కాస్త విసుగొచ్చింది. ఆయనకే పాఠం చెప్పాను. "బాబాయ్, మీరు సరిగ్గా నొక్కడం లేదేమో చూసుకోండి." "అయ్యుండొచ్చమ్మా. నొక్కట్నేదేమో," అన్నాడు.

నాలుగో రోజున వాళ్ళ చర్చి పాస్టరుగారు ఫోన్ చేసి ఆయన నిద్రలోనే పోయాడని చెప్పారు. సమాధి కార్యక్రమం అయ్యాక గది ఖాళీ చెయ్యడానికి నేనే వెళ్ళాను, ఇంకెవరూ లేరు. ఉక్కగా ఉంటే మంచం మీద కూర్చుని బటను నొక్కాను. మొదటి నొక్కుకే టక్ మంది, పంకా తిరిగింది. అప్పుడు అర్థమైంది. అంతవరకూ నాకు నిజంగానే అర్థం కాలేదు, ఆ మాట చెప్పినా ఎవరూ నమ్మరు. ఆ పంకా కింద గట్టిగా ఏడ్చాను.

ఇప్పుడు నా పనివాళ్ళకు ఒక కట్టడి ఉంది. ఒంటరి మనిషి ఉన్న ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చి, వెళ్ళి చూస్తే ఏమీ లేకపోతే, పుస్తకంలో ఏమీ రాయకుండా నాకు చెప్పాలి. నేనే వెళ్తాను. పెట్టె విప్పను. మంచినీళ్ళు అడుగుతాను, టీ ఇస్తే కూర్చుంటాను. కొందరు విసుక్కుంటారు, మెకానిక్కువా చుట్టానివా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. పోయిన వారం బెహాలాలో ఒక పెద్దాయన తన కొడుకు చిన్నప్పటి సంగతులు గంటన్నర చెప్పి, గుమ్మం దగ్గర, "మళ్ళీ పాడైతే?" అని భయంగా అడిగాడు. ఫోన్ చెయ్యండి, నేనే వస్తాను అన్నాను. వస్తాను కూడా. పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్తూనే ఉన్నాను. ఆయన పిలిచినప్పుడు మాత్రం మనిషిని పంపించాను.