మైక్‌లో పడిన పిలుపు

నర్మెట్టలోని మా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చే కొత్తవాళ్లకు మొదటి రోజు నేను చెప్పేది ఒక్కటే. కంప్యూటర్‌కు మనం ఇచ్చేది ఇన్‌పుట్, అది మనకు ఇచ్చేది అవుట్‌పుట్. కీబోర్డు, మౌస్, స్కానర్, మైక్ మన మాటను దానికి చేరవేస్తాయి. మానిటర్, ప్రింటర్, స్పీకర్ దాని మాటను మనకు చేరవేస్తాయి. ఇంతే సంగతి. ఈ ఇంతే సంగతి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకు వస్తుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లయిన ఆడవాళ్లు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని వచ్చి, కీబోర్డును ముట్టుకోకుండా కూర్చుంటారు. "ముట్టుకో అక్కా, కరవది" అంటే, "ఖరాబైతదేమో మేడం" అంటారు. ఒకామె మౌస్‌ను గాలిలోకి ఎత్తి, టీవీ రిమోట్ పట్టుకున్నట్టు తెరవైపు చూపించి నొక్కింది. ఇంకొకామెకు కీబోర్డు మీదే కోపం వచ్చింది. "అక్షరాలను గిట్ల చెదరగొట్టిండ్రేంది? వరుసగ పెడితె వాళ్ల సొమ్మేం పోయింది?" అంది. నాకు ఓపిక తక్కువ, అరుస్తాను. వాళ్లు పడతారు. మర్నాడు సీతాఫలాలు తెచ్చి నా టేబుల్ మీద పెడతారు, నేను చల్లబడతాను.

మైక్ పాఠం దగ్గర మాత్రం బండి ఆగిపోయేది. ఎంత బతిమిలాడినా ఒక్కరూ నోరు విప్పేవాళ్లు కాదు. సినిమాల్లో మన యాసను ఇన్నేళ్లు నవ్వులపాలు చేశారు కదా, ఆ గొంతు మళ్లీ పెట్టెలోంచి వినబడితే నలుగురూ నవ్వుతారని వాళ్ల భయం. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను! మైక్ పట్టుకోగానే నా నోటికీ టీవీ భాష వచ్చేసేది.

అలాంటి ఒక పాఠం రోజున మా బాపు వచ్చాడు. బాపు గొర్రెల కాపరి. నర్మెట్టకూ తరిగొప్పులకూ నడుమ ఉన్న బీళ్లలో మందను మేపేవాడు. నేను ఇంట్లో మరిచిపోయిన అన్నం గిన్నె ఇచ్చిపోదామని, గొంగడి భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడ్డాడు. నాకు ఆలోచన తట్టింది. లోపలికి పిలిచి మైక్ చేతికిచ్చాను.

"ఏం మాట్లాడాలె బిడ్డా?"

"గొర్లను ఎట్ల పిలుస్తవో గట్లనే పిలువు బాపూ."

ఆయన మైక్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. మెల్లగా టేబుల్ మీద పెట్టి బయటికి నడిచాడు.

"ఎటు వోతున్నవ్? గీన్ల మాట్లాడాలె!" అని అరిచాను.

"మూతికాడ వెట్టుకొని గొర్రెను ఎవడన్న పిలుస్తడా? బెదిరి సస్తది. పిలుపు దూరంకెల్లి రావాలె" అన్నాడు. వాకిలి దాటి, రోడ్డు దాటి, అవతలి గోడ దగ్గర నిలబడి, నేను రికార్డింగ్ నొక్కి చెయ్యి ఊపగానే తలెత్తి పిలిచాడు.

ఆ పిలుపును రాయడం నా వల్ల కాదు. నాలుకను అంగిలికి ఆనించి ఆడించే మోతతో మొదలై, "హో" అని సాగి, చివర కాస్త విరుగుతుంది. ఏ కాపరి పిలుపు ఆ కాపరిదే. సాయంత్రం కుంట దగ్గర నీళ్లు తాగేటప్పుడు రెండు మందలు కలిసిపోతే మావాళ్లు గొర్రెలను ఏరుకుంటూ కూర్చోరు. కాపరులిద్దరూ చెరో దిక్కు నిలబడి పిలుస్తారు. కలిసిన మంద మధ్యకు చీలి, ఎవరి గొర్రెలు వాళ్ల గొంతువైపు వెళ్లిపోతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది.

మానిటర్ మీద చప్పుడును చూపే గీత ఎగిరెగిరి పడింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఇంతసేపూ నోరు మెదపని అక్కలు మైక్ కోసం కొట్లాడుకున్నారు. బాపు పిలుపును ఒక ఫైల్‌గా దాచి, వాళ్ల గొడవలో పడి ఆ సంగతే మరిచిపోయాను.

ఆ తర్వాత బాపు గొంతులో గడ్డ లేచింది. జనగామ దవాఖానకు పోయినం, అక్కణ్ణుంచి హైదరాబాద్ పొమ్మన్నారు. గొంతు తీసేస్తేనే మనిషి దక్కుతాడని పెద్ద డాక్టర్ చెప్పాడు. బాపు సరేనని తలూపాడు. ఇప్పుడు ఆయన మెడ కింద పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి తీసుకుంటాడు. దాని మీద తెల్లటి మెత్తటి గుడ్డ కట్టుకుంటాడు. గాలి నోటికి రాదు కాబట్టి మాటే కాదు, ఈల కూడా పోయింది.

"మనిషైతె దక్కిండు, ఇంకేం గావాలె?" అని చూడవచ్చిన వాళ్లందరూ అన్నారు. వాళ్ల నోళ్లు మూయించాలనిపించేది. నాకు ఇంకా కావాలి. పొద్దున పళ్లు తోముకుంటూ మా అమ్మ మీద, అదే మా అవ్వ మీద, వేసే విసుర్లు కావాలి, బస్సు ఆలస్యమైతే ఫోన్‌లో పెట్టే చీవాట్లు కావాలి. మనిషి నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే ఆయన కోసమే బెంగ పెట్టుకున్నాను. దీన్ని ఎవరికి చెప్పుకోను?

ఆయన బెంగ వేరే. మంద ఆయన మాట వినడం లేదు. మాటే లేనప్పుడు ఏం వింటుంది? చప్పట్లు కొట్టాడు, కర్రతో బండ మీద కొట్టాడు. పగలు ఎలాగో నడిచేవి. సాయంత్రం కుంట దగ్గర, నేను కాకా అని పిలిచే పక్క కాపరి మందలో కలిస్తే మాత్రం, ఆ కాక పిలవగానే మావి కూడా, తమ పిలుపు వినబడక, కాక వెంటే పోయేవి. కాక మంచివాడు, తోలుకొచ్చి అప్పజెప్పేవాడు. అది బాపుకు ఇంకా అవమానం. అన్నం సగంలో వదిలేసి లేచేవాడు. చివరికి అవ్వే అంది: "అమ్మేద్దాం. గొంతు లేనోనికి మంద ఎందుకు?" బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంద పోతే ఈ మనిషి మిగలడని నాకు అర్థమైంది.

నాకొచ్చిన విద్య ఒక్కటే కదా. మనం కొట్టిన అక్షరాలను కంప్యూటర్ పైకి చదువుతుందని బాపును సెంటర్‌కు తీసుకుపోయాను. "రాండ్రి" అని కొట్టాను. స్పీకర్‌లోంచి ఒక ఆడగొంతు, వార్తలు చదువుతున్నట్టు, పౌడర్ రాసుకున్నట్టు, "రాండ్రి" అంది. బాపు భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి చెబితే అవ్వ, "గా రేడియో అమ్మకు మన గొర్లేం దెలుసు!" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ రోజు దాచిన బాపు పిలుపు. మర్నాడు సెంటర్ తెరవగానే పాత ఫైళ్లన్నీ గాలించాను. దొరికింది. వినబోయాను. రోడ్డవతలి నుంచి మొదటి పిలుపు వచ్చిందో లేదో, ఆపేశాను. మిగతాది వినే ధైర్యం లేకపోయింది. అలాగే మెమరీ కార్డులోకి ఎక్కించి, బ్యాటరీతో నడిచే స్పీకర్ ఒకటి తీసుకుని బయలుదేరాను.

ఆ సాయంత్రం రెండు మందలూ కుంట దగ్గర కలిసే ఉన్నాయి. స్పీకర్‌ను ఒక బండ మీద పెట్టాను. బాపు కాస్త ఎడంగా కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నేనేం చేయబోతున్నానో ఆయనకు చెప్పలేదు, పనిచేయకపోతే ఇంకా చితికిపోతాడని. అవతలి గట్టు మీద కాక పిలిచాడు. మంద మొత్తం అటు కదిలింది. నేను బటన్ నొక్కాను.

బాపు పిలుపు బీడంతా పాకింది. మావి ఆగాయి. చెవులు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత మంద నడుమ నుంచి ఒక్కొక్కటే విడివడి, దుమ్ము లేపుకుంటూ పరుగెత్తుకొచ్చాయి. ఇటే వచ్చాయి, అన్నీ వచ్చాయి! వచ్చి బండ చుట్టూ మూగి, మూతులు చాచి, ఆ పెట్టెను వాసన చూశాయి. బాపు రెండడుగులు ముందుకు వేశాడు. ఒక్క గొర్రె కూడా ఆయనవైపు తల తిప్పలేదు.

అయిపోయిందనుకున్న ఫైల్ ఇంకా నడుస్తూనే ఉంది. క్లాసు చప్పట్లు సద్దుమణిగాక, రోడ్డు దాటి వస్తున్న చెప్పుల చప్పుడు వచ్చింది. గుమ్మం దగ్గర అవి విడిచిన చప్పుడు వచ్చింది. తర్వాత, పక్కనే కూర్చుని అడిగినట్టు, బాపు గొంతు:

"గిప్పుడు అచ్చిందా బిడ్డా? ఇనవడ్డదా?"

"ఇనవడ్డది బాపూ" అన్నాను గట్టిగా, ఏడుస్తూ, గొర్రెల మధ్య మోకాళ్ల మీద కూలబడి, ఆ పెట్టెతో. బాపు నా వెనక నిలబడి ఉన్నాడు.