లాగితే పడే గాలిపటం

“పిన్నీ, పటం మళ్లీ వెనక్కి జారుతోంది! నీళ్లలో పడి తడిసిందంటే ఈ గాలికి ఇక లేవదు. ఆటు మొదలైంది, వెనక్కి తీసే నీళ్లు మా ఆవిణ్ణి లోపలికి లాక్కుపోతాయి!”

రేవు గట్టు మీద నిలబడి అరుస్తున్నది కుర్ర సైన్సు మాస్టారు. ఎనిమిది నెలల కూతురు గుడ్డసంచిలో అతని గుండెకు అతుక్కుని ఉంది. రెండు వందల గజాల అవతల, కాళ్లు అందని నీళ్లలో, జారుడు పలక మీద అతని భార్య. ఆమెకు పైన గది కప్పంత పసుపు గాలిపటం. దాని నాలుగు తాళ్లూ ఆమె పట్టుకున్న కడ్డీకి కట్టి ఉన్నాయి. పటం లాగితేనే పలక నీటి మీద జారుతుంది. కాన్పు తర్వాత ఆమె సముద్రంలోకి దిగడం ఇదే మొదలు.

ఆ ఉదయం గాలి ఉండీ లేనట్టుంది. పటం తలెత్తుతోంది, ఒక క్షణం నిలుస్తోంది, అంతలోనే కుర్చీలో కూలబడ్డట్టు వెనక్కి జారుతోంది.

కేక విని గట్టు పక్క మరమ్మతు షెడ్డులోంచి దారాల పిన్ని బయటికొచ్చింది. రేవులో అందరికీ ఆమె పిన్నే. గొడుగులు బాగుచేయడంతో మొదలుపెట్టి, గుడారాలు కుట్టి, పడవ తెరచాపలకు అతుకులు వేసి, పదకొండేళ్లుగా ఈ పటాల మరమ్మతు చూస్తోంది. ఎప్పుడూ పంటి కింద దారప్పోగు ఉంటుంది కాబట్టి మాట నోటి పక్కనుంచి వస్తుంది. ఈత రాదు. మోకాళ్లు తడిసేంతవరకే ఆమెకూ నీళ్లకూ స్నేహం. అయినా ఎగిరే పటాన్ని కింద నుంచి చూసి ఏ తాడు ఎన్ని వేళ్లు తేడాగా ఉందో చెప్పేస్తుంది.

ఇప్పుడు మాత్రం ఆమె పటాన్ని వదిలి మాస్టారి చేతులు చూసింది.

“ఏం చేస్తున్నావయ్యా?”

“వచ్చెయ్యమంటున్నా!”

“రమ్మనడమా అది? అక్కణ్ణుంచి చూసేవాళ్లకి కడ్డీ లాగమన్నట్టుంది. నువ్వు చెప్పినట్టే చేస్తోంది చూడు, పిచ్చిపిల్ల!”

నిజమే. అతను రెండు చేతులూ గుండెకు లాక్కున్నప్పుడల్లా అక్కడ కడ్డీ ఆమె వైపు వస్తోంది. కడ్డీ దగ్గరికొస్తే వెనక తాళ్లు బిగుస్తాయి, పటం గాలికి మరీ అడ్డం తిరుగుతుంది, దాని వీపు మీదుగా పారాల్సిన గాలి చెదిరిపోతుంది. విమానం రెక్కల పాఠం అతనే పిల్లలకు బోర్డు మీద గీసి చెప్తాడు. గుండెదడలో ఆ పాఠం ఎటుపోయిందో ఏమో.

“తొయ్యి! చేతులు ముందుకు చాచి తొయ్యి!”

“తోస్తే వెళ్లిపొమ్మన్నట్టు ఉండదా పిన్నీ?”

“అనుకోనీ. వచ్చాక తిడుతుందిలే. ముందు రానీ!”

అతను తోశాడు. పెళ్లాన్ని తన చేతులతో తనే సముద్రంలోకి నెడుతున్నట్టు అనిపించింది. మరోసారి తోశాడు. కూతురు అదేదో ఆటనుకుని కిలకిలా నవ్వింది. అక్కడ పటం అంచు అల నురుగును తాకింది. మూడోసారి అతను తోస్తుంటే భార్య తల ఇటు తిరిగింది. ఆమె చేతులు తిన్నగా చాచుకున్నాయి, కడ్డీ దూరం జరిగింది.

పటం జానెడు ఎత్తులో తటపటాయించింది. ఆపైన ముక్కు ముందుకు పెట్టి, నీటిని రాసుకుంటూ పక్కకు పరుగు తీసి, మెల్లగా పైకి లేచింది. ఆమె వంకరటింకరగా ఒడ్డుకు చేరేదాకా మాస్టారు చేతులు దించలేదు.

షెడ్డులో పిన్ని నాలుగు తాళ్ల కొసలూ ఒకే మేకుకు తగిలించి కడ్డీని బిగబట్టింది. వెనక తాళ్లు నాలుగు వేళ్లు పొట్టిగా ఉన్నాయి. ముడి దగ్గర ఆమె చూపు ఆగింది.

“ఈ ముడి నాది కాదే.”

మాస్టారు ఒప్పుకున్నాడు. “నిన్న సాయంత్రం నేనే తగ్గించా. గాలి తక్కువ కదా, పటం ఇంకాస్త అడ్డంగా ఉంటే బాగా లాగుతుందని లెక్కేశా.”

“నువ్వా!” తల తుడుచుకుంటున్న భార్య తువ్వాలు అతని మీదికి విసిరింది. “ఒక్క మాట చెప్పొద్దూ?”

“భయపడతావని...”

“నేనా భయపడేది!”

“లెక్క తప్పు కాదమ్మా, కొంతవరకు నిజమే. అది దాటితే పటం కూర్చుంటుంది,” అంది పిన్ని, ముడిని పంటితో వదులుచేస్తూ. “ఈయన తగ్గించింది రెండు వేళ్లే. మిగతా రెండు, బరువంతా మోసి మోసి ముందు తాళ్లు సాగినవి. గాలి మీ ఆయన దగ్గర చదువుకోలేదు కాబట్టి రెండూ కలిపేసింది.”

వెనక తాళ్లను ముందువాటికి సమంగా వదిలి, మందగాలి కోసం ఇంకో వేలు అదనంగా వదిలింది.

మర్నాడు అదే గాలిలో భార్య మళ్లీ దిగింది, పటం ఒక్కసారీ కూర్చోలేదు. ఇప్పుడు మాస్టారు వారం వారం తాళ్లు మేకుకు తగిలించి కొలుస్తాడు. కూతురు కుర్చీ పట్టుకుని నిలబడి ఊగిసలాడినప్పుడూ అతనికి అదే భయం వేస్తుంది. అప్పుడు, ఆ రోజు షెడ్డు గుమ్మంలో పిన్ని అన్న మాట ప్రకారమే చేస్తాడు:

“భయమేసినప్పుడు ముందు నీ చేతులు ఎటున్నాయో చూసుకో మాస్టారూ. లోపలికి లాగుతుంటే బయటికి చాచు. ఆ తర్వాత తీరిగ్గా అరుద్దువుగాని.”