పోటు వచ్చేలోగా విమానం లాగిన రోజు

ఇటు వచ్చి సరిగ్గా కూర్చో అమ్మడూ, మీ అమ్మ అన్నానికి పిలిచేలోగా అయిపోవాలి. చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ సొంత కవిత్వం కలపకు. అరవై రెండో సంవత్సరం, శివరాత్రి మర్నాడు. మద్రాసులో విమానం నడపడం నేర్చుకుంటున్నాను. ఆ రోజు నాకు క్రాస్ కంట్రీ వేశారు. అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా, మ్యాపూ దిక్సూచీ వాచీ చూసుకుంటూ ఒక్కదాన్నే దూరం వెళ్ళి రావాలి. సముద్రతీరం వెంబడే ఉత్తరంగా వెళ్ళి, బిట్రగుంట రైల్వే యార్డు మీద తిరిగి, మళ్ళీ తీరం వెంబడే రావడం నాకిచ్చిన దారి. అది పూర్తి చేస్తేనే లైసెన్సు. మాకు నేర్పే క్లబ్బుకు ఉన్నవి మూడే విమానాలు. ఒకటి పోగొట్టిన వాళ్ళ పేరు కొట్టేస్తారు, మరో మాట లేదు.

వెళ్ళడం బాగానే వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడే బుద్ధి గడ్డి తింది. వెంకటాచలం దగ్గర మా పొలం. నేను ఒక్కదాన్నే నడుపుతానంటే మా నాన్న నమ్మడు. "ముందర ఎవురో ఒకరుంటార్లే, నువ్వు ఊరికే కూసోనుంటావు" అనేవాడు. తీరం వదిలి లోపలికి తిప్పాను. పొలం మీద మూడు చుట్లు కొట్టాను. నాన్న గట్టు మీద నిలబడి తలగుడ్డ విప్పి ఊపాడు. నా పొంగు చూడాలి! ఆ పొంగులో పెట్రోలు సంగతే మరిచాను.

మళ్ళీ తీరానికి వచ్చేసరికి దక్షిణపు గాలి ఎదురు. పై రెక్కలో ట్యాంకు, దాని మీద గాజు గొట్టం. అందులో పెట్రోలు ఎంతుందో చూపించే బెండు అడుక్కి దిగిపోయింది. కాసేపటికి ఇంజను దగ్గి ఆగింది. అప్పుడు ముక్కు కిందికి వంచి వేగం నిలుపుకోవాలి, గాలికి ఎదురుగా దిగాలి, నేల తాకకముందే స్విచ్చులు కట్టేయాలి. అన్నీ చేశాను. తడి ఇసుక రోడ్డులా గట్టిగా ఉంది. చివర్లో కుడి చక్రం చిన్న పాయలో పడింది. ముక్కు నేలకు కొట్టుకుని చెక్క ప్రొపెల్లర్ రెండు ముక్కలైంది. నాకు పెదవి చిట్లింది, అంతే.

పట్టపుపాళెం, అంటే చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఊరు, మొత్తం పరిగెత్తుకొచ్చింది. నేను కూర్చున్నది వెనక సీటు; ఒకాయన వంగి ఖాళీ ముందు సీటులోకి తొంగి చూశాడు.

"మొగోళ్ళెవురూ లేరా లోపల?"

"లేరు. నడిపింది నేనే."

వాళ్ళ పెద్దకాపు, ఊరి పెద్ద, సముద్రం వంక చూసి అన్నాడు: "అమ్మణ్ణీ, ఈ పొద్దు అమావాస్య. పోటు ఇంతెత్తు వస్తాది. మాపటికి నీ పడవ ఉప్పునీళ్ళలో ఉంటాది."

ఉప్పునీళ్ళు తగిలితే ఇంజను ఇనుప ముద్దే. దాంతో నా చదువూ సరి. "లాగండయ్యా" అన్నాను. ముప్పైమంది తాళ్ళు తెచ్చారు కానీ ఎవరూ లాగరు. వాళ్ళ కట్టుబాటు ఏమిటంటే, పడవ నడిపినవాళ్ళే కేక వేయాలి, ఆ కేకకే మిగతావాళ్ళు లాగాలి.

"ఆడపిల్ల కేకేస్తే మనం లాగేదేంది కాపా?" అన్నాడొక కుర్ర జాలరి.

"నువ్వు నడపతావా దీన్ని? నడిపేదుంటే నువ్వే ఎయ్యి కేక" అన్నాడు పెద్దకాపు. అందరూ నవ్వారు. అతను తాడు పట్టుకున్నాడు.

రెక్కల మీద ఉన్నది గుడ్డ, చెయ్యి పెడితే చిరుగుతుందని చెప్పాను. చక్రాల కాళ్ళకూ తోక అడుగుకూ తాళ్ళు కట్టించి, చక్రాల కింద సరుగుడు దుంగలు వేయించాను. తోక ముందుగా లాగాలి. అంతా సిద్ధం, కేక మాత్రం రాదు! వాళ్ళ పాట నాకు తెలియదు. నోటికొచ్చింది ఒక్కటే, పైకెగిరే ముందు వరసగా చూసుకునే పట్టీ.

"ట్రిమ్!" అని అరిచాను.

"ఐలెస!"

"థ్రాటిల్!"

"ఐలెస!"

"మిక్చర్!"

చక్రం పాయలోంచి లేచింది. తర్వాతిది "ఫ్యూయల్". అక్కడ ఆగి, రెక్క మీది ఖాళీ గాజు గొట్టం వంక చూశాను.

"ఆపబాక మే, అల వస్తా ఉండాది!" అన్నాడు పెద్దకాపు.

"ఫ్యూయల్!" అని గట్టిగా అరిచాను. ముప్పై గొంతులు అందుకున్నాయి. ఆ పట్టీ ఎన్నిసార్లు తిప్పి చెప్పానో! పొద్దు వాలేసరికి విమానం సరుగుడు తోపులో ఉంది. చక్రం పడిన పాయ మీదుగా అల పొర్లుతోంది.

మర్నాడు కబురందుకుని చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ లారీతో వచ్చాడు, ముక్కలు ఏరుకుపోదామని. చూస్తే విమానం వల తాళ్ళతో చెట్లకు కట్టేసి ఉంది, ఇంజను మీద తెరచాప కప్పి ఉంది. చుట్టూ తిరిగి ఇంజనును వేలితో రుద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. నేను రిపోర్టు అందించాను. మొదటి వాక్యం: "మా నాన్నకు చూపించడానికి దారి వదిలి వెళ్ళాను, అందుకే పెట్రోలు అయిపోయింది." రెండుసార్లు చదివాడు. నెల రోజులు ఎగరనివ్వలేదు కానీ పేరు కొట్టలేదు. నెల తర్వాత అదే దారిలో, ఒక్క మైలు పక్కకు పోకుండా వెళ్ళొచ్చి లైసెన్సు తీసుకున్నాను.

తర్వాత నేనే ఇన్‌స్ట్రక్టర్ని అయ్యాక ప్రతి విద్యార్థికీ ఇదే చెప్పేదాన్ని. ఎవరికో చూపించాలని ఎగిరే రోజున పెట్రోలు రెండుసార్లు చూసుకో. నడిపింది నువ్వైతే కేక నువ్వే వెయ్యి, తప్పు కూడా ముందు నువ్వే చెప్పు. ఇంకొకటి రాసుకో, ఇది ఏ పుస్తకంలోనూ లేదు, ఇంజను ఆగిన తర్వాత మనిషి చేయాల్సిన మొట్టమొదటి పని...

"అత్తమ్మా, పులుసు చల్లారిపోతా ఉండాది, అన్నానికి రండి!"